కొమ్మ అంటు నుంచి మనిషి నకలు దాకా

బంగినపల్లి మామిడిపండు తిని, టెంక పెరట్లో పాతి, అదే పండు మళ్ళీ కాస్తుందని ఏ రైతూ ఆశపడడు. టెంక మొలుస్తుంది, చెట్టవుతుంది, కొన్నేళ్ళకు కాపుకూ వస్తుంది. కాయ మాత్రం తల్లిని పోలదు. పీచు ఎక్కువ కావచ్చు, పులుపు ఎక్కువ కావచ్చు, ఒక్కోసారి తల్లి కన్నా బాగానూ ఉండవచ్చు. ఆ టెంకలో తల్లి చెట్టు వాటా సగమే. మిగతా సగం ఏ తోటలోని పూత మీద నుంచో ఈగలు మోసుకొచ్చిన పుప్పొడిది.

అందుకే అంటు కడతారు. కడియం నర్సరీల్లో ఈ పని చూస్తూ నిలబడితే పొద్దు తెలియదు. నాటు టెంక మొలిచిన చిన్న మొక్క తల కోసేస్తారు. మిగిలిన కాండం నడుమ కత్తితో చీలిక పెడతారు. మంచి కాపున్న తల్లి చెట్టు నుంచి తెచ్చిన పెన్సిలంత కొమ్మ అడుగును రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దింపుతారు. బెరడుకు బెరడు ఆనాలి, లేకపోతే కొమ్మ ఎండిపోతుంది. పైన ప్లాస్టిక్ పట్టీ బిగించి చుడతారు. కొన్ని వారాలకు కొమ్మ చిగురిస్తుంది. కింద వేరు ఎవరిదైనా పైన కాసే కాయ తల్లిదే. ఈ లెక్కన దేశంలో ఎన్ని లక్షల బంగినపల్లి చెట్లున్నా, అవన్నీ ఎప్పుడో ఒకచోట మొలిచిన ఒక్క చెట్టు కొమ్మలే.

గ్రీకు భాషలో చిగురు పుల్లను, లేత కొమ్మను క్లోన్ అంటారు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే హెర్బర్ట్ వెబర్ అనే వృక్ష శాస్త్రవేత్త 1903లో ఈ మాటను తెచ్చి, విత్తనంతో పని లేకుండా కొమ్మతోనో దుంపతోనో పిలకతోనో పెంచిన మొక్కలన్నిటికీ పేరుగా పెట్టాడు. మన అరటి పిలక, చెరకు ముచ్చె, మల్లె అంటు అన్నీ ఆ మాట కిందికే వస్తాయి. ఇవాళ మనుషుల్ని భయపెడుతున్న క్లోనింగ్ అనే మాట పుట్టింది ఇలా, పొలంలో, కొమ్మ దగ్గర. చెట్టుకు అంటు కట్టినంత కాలం అది న్యాయమా అని ఎవరూ అడగలేదు. ఆ మాట చెట్టు దిగి కప్ప మీదికి, కప్ప నుంచి గొర్రె మీదికి, అక్కణ్ణుంచి మనిషి వైపు నడిచిన దారి నూరేళ్ళ పైమాటే. ఆ దారిలో ప్రతి మలుపులోనూ ఒక ప్రశ్న వదిలిపెట్టేశారని, ఇప్పటికీ దాన్ని గట్టిగా అడగడం లేదని నాకు అనిపిస్తుంది. ఆ ప్రశ్న చెప్పే ముందు దారి చూద్దాం.

వెబర్ పేరు పెట్టకముందే, 1891లో, జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ డ్రీష్ సముద్రపు అర్చిన్ పిండంతో ఒక ప్రయోగం చేశాడు. అర్చిన్ అంటే ముళ్ళ బంతిలా ఉండే సముద్ర ప్రాణి. దాని పిండం ఒకటి రెండుగా చీలి, రెండు కణాలుగా ఉన్నప్పుడు నీళ్ళలో వేసి గట్టిగా కుదిపి ఆ రెండింటినీ విడదీశాడు. సగం ప్రాణి ఒకటి, సగం ప్రాణి ఒకటి వస్తాయనుకున్నాడు. చిన్నవే అయినా రెండూ నిండు ప్రాణులుగానే ఎదిగాయి. ఏ యంత్రాన్నయినా సగానికి కోస్తే రెండు పూర్తి యంత్రాలు వస్తాయా? ఈ ఆలోచన డ్రీష్‌ను వదల్లేదు. చివరికి ఆయన ప్రయోగశాల వదిలి తత్వశాస్త్రం చెప్పే ఆచార్యుడయ్యాడు. క్లోనింగ్ దారిలో మొదటి అడుగు వేసిన మనిషే ప్రాణమంటే ఏమిటనే ఆలోచనలో పడి అటు వెళ్ళిపోయాడు.

తర్వాత హాన్స్ స్పేమన్. పసిబిడ్డ తల వెంట్రుకతో ఉచ్చు వేసి బల్లిలా కనిపించే సాలమాండర్ అనే ఉభయచరం పిండాన్ని రెండుగా నొక్కి విడదీసిన వ్యక్తి. ఆ పిండం ఆవగింజంత. దానికి ఇనుప కత్తి పనికిరాదు, మెత్తని వెంట్రుకే కత్తి. ఆయనకు 1935లో నోబెల్ వచ్చింది. 1938లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఒక ప్రయోగాన్ని ఊహించాడు. ఎదిగిన ప్రాణి కణం నుంచి కేంద్రకం తీసి, కేంద్రకం లేని అండంలో పెడితే ఏమవుతుంది? అది జరిగే పనిలా ఆయనకే అనిపించలేదు. పద్నాలుగేళ్ళు తిరిగేసరికి, 1952లో, ఫిలడెల్ఫియాలో రాబర్ట్ బ్రిగ్స్, థామస్ కింగ్ కప్ప అండాలతో చేసి చూపించారు. వాళ్ళు వాడింది పిండ కణాల కేంద్రకాలు. ఎదిగిన కణంతో సాధ్యం కాదనే తేల్చారు.

ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గర్డన్ అనే కుర్రవాడు ఒప్పుకోలేదు. స్కూల్లో జీవశాస్త్రంలో 250 మందిలో అట్టడుగున ఉన్నాడని, శాస్త్రవేత్త కావాలనుకోవడం వృథా అని మాస్టారు రాసిన రిపోర్టు కాగితం ఆయన జీవితాంతం దాచుకున్నాడు. తోకకప్ప పేగులోని కణం, అంటే తన పని తేలిపోయిన కణం, దాని కేంద్రకంతో కప్పల్ని పుట్టించానని 1962లో ప్రకటించాడు. ఎన్నో ప్రయత్నాలు చెడితే ఒకటి రెండు దక్కాయి. చెడినవి కప్పలు, అందుకని ఎవరూ లెక్క అడగలేదు. గర్డన్‌కు నోబెల్ రావడానికి 2012 దాకా, యాభై ఏళ్ళు, పట్టింది.

క్లోన్ అనే మాటను మనిషికి అంటగట్టినవాడిగా చెప్పుకునేది జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ని. 1962 చివర లండన్‌లో మనిషి భవిష్యత్తు మీద ఒక సదస్సు జరిగింది. రాబోయే పదివేల ఏళ్ళలో మానవజాతి ఎలా మారవచ్చో చెబుతూ హాల్డేన్ మనుషుల క్లోన్ల గురించి మాట్లాడాడు. ఏదో ఒక రంగంలో రాణించి, సమాజం మెచ్చినవాళ్ళ కణాలతో క్లోన్లు పుట్టించవచ్చు. యాభై దాటాక అయితే వాళ్ళ విలువ తేలిపోయి ఉంటుంది కనుక అప్పుడు మేలు. ఆటగాళ్ళు, నాట్యకారుల విషయంలో మాత్రం వయసులో ఉండగానే చేయాలి, ఇలా సాగింది ఆ ప్రసంగం. అప్పటికి ఆయన భారత పౌరుడు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాకు, ఆ తర్వాత భువనేశ్వర్‌కు వచ్చేశాడు. కుర్తా పైజమా తొడిగాడు, మాంసం మానేశాడు. ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళలో మన పిఠాపురంలో పుట్టిన కృష్ణ ద్రోణంరాజు ఒకరు. తర్వాత అమెరికా వెళ్ళి గురువు జీవితం మీద పుస్తకాలు రాశారు. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. ఆయనకు పిల్లలు లేరు. దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు, చదువుకూ పరిశోధనకూ వాడుకోమని వీలునామా రాశాడు. గొప్పవాళ్ళను మళ్ళీ పుట్టించవచ్చని చెప్పిన మనిషి తన దేహాన్ని గోదావరి జిల్లా వైద్య విద్యార్థులకు ఇచ్చి వెళ్ళాడు. ఆయన ప్రసంగంతో నాకు పేచీ ఉంది కాని, ఈ దానానికి మాత్రం చేతులెత్తి మొక్కుతాను.

హాల్డేన్ తర్వాత అమెరికాలో నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ 1966లో మనిషి క్లోనింగ్ గురించి వ్యాసం రాశాడు. ప్రిన్స్‌టన్‌లో మతశాస్త్రం చెప్పే పాల్ రాంసే 1970లో అచ్చయిన తన పుస్తకంలో ఆ ఆలోచనకు ఎదురు నిలిచాడు. రాంసే మతం నుంచి మొదలుపెట్టినా, ఆయన వేసిన ఒక ప్రశ్నకు ఏ మతం అండా అక్కర్లేదు. మొదటి ప్రయత్నాలు చెడక తప్పదు. ఆ చెడిన ప్రయత్నం కప్ప కాక మనిషి బిడ్డ అయినప్పుడు ఆ బిడ్డను ఏం చేస్తారు? పుట్టని బిడ్డ నుంచి ఎవరు ఒప్పుకోలు తీసుకున్నారు? నేను మొదట్లో అన్న, దారి పొడవునా వదిలేసిన ప్రశ్నలో సగం ఇదే.

1978లో డేవిడ్ రోర్విక్ అనే విలేకరి, ఒక కోటీశ్వరుడు తన క్లోన్‌ను పుట్టించుకున్నాడని నిజమన్నట్టుగా పుస్తకం రాశాడు. అమ్మకాలు బాగా సాగాయి. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త ఒకరు కోర్టుకెక్కితే 1981లో న్యాయమూర్తి అది కల్పన అని తేల్చాడు. పుస్తకం వచ్చిన 1978లోనే, జూలై 25న తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీజ్ బ్రౌన్ పుట్టింది, అక్టోబరులో మన కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతుల మీదుగా దుర్గ పుట్టింది. అంటే మనిషి అండం శరీరం బయటికి, మనిషి చేతికి అందింది. ఆ తర్వాత మిగిలింది గొర్రె.

1996 జూలై 5న స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో దగ్గర రోస్లిన్ పరిశోధన సంస్థ కొట్టంలో పుట్టిన గొర్రెపిల్ల డాలీ కథ చాలామందికి తెలుసు. తెలియాల్సింది ఆ పని చేసిన తీరు. ఆరేళ్ళ తెల్లమొహం గొర్రె పొదుగు నుంచి కణాలు తీశారు. ఆ కణాలు గిన్నెలో పెరుగుతున్నప్పుడు వాటికిచ్చే పోషక ద్రవాన్ని బాగా తగ్గించి ఐదు రోజులు పస్తు పెట్టారు. పస్తుతో కణం తన రోజువారీ పని ఆపి నిద్రపోతున్నట్టు అవుతుంది. రోస్లిన్ శాస్త్రవేత్త కీత్ క్యాంప్‌బెల్ పట్టుకున్న కిటుకు అదే. ఇంకోపక్క నల్లమొహం గొర్రె అండాన్ని సూక్ష్మదర్శిని కింద గాజు గొట్టం అంచుకు పీల్చి పట్టుకుని, వెంట్రుక కన్నా సన్నని ఇంకో గొట్టంతో దాని కేంద్రకాన్ని లాగేశారు. ఖాళీ అయిన అండం పక్కన పస్తున్న కణాన్ని చేర్చి సన్నగా కరెంటు తగిలించారు. రెండూ కలిసిపోయాయి. అంటు కట్టే పనిలానే లేదూ? వేరు ఒకరిది, కొమ్మ ఒకరిది. నల్లమొహం తల్లి కడుపున తెల్లమొహం పిల్ల పుట్టేసరికి గుట్టు అక్కడికక్కడే తేలిపోయింది.

ఇక లెక్క. ఇలా కలిపిన అండాలు 277. వాటిలో పిండాలుగా ఎదిగినవి 29. వాటిని 13 గొర్రెల గర్భాల్లో పెట్టారు. పుట్టింది ఒక్క డాలీ. ప్రపంచం ఆ ఒక్కదాన్నే చూసింది. ఈ వార్త 1997 ఫిబ్రవరిలో బయటికి రాగానే అమెరికా అధ్యక్షుడు క్లింటన్ 90 రోజుల్లో నివేదిక ఇమ్మని జాతీయ సంఘాన్ని అడిగాడు, ప్రభుత్వ డబ్బు మనిషి క్లోనింగ్‌కు వెళ్ళకుండా ఆపాడు. ఈ దశలో మనిషిని క్లోన్ చేయబోవడం బిడ్డకు ప్రమాదం, అందువల్ల అది నీతి కాదని ఆ సంఘం జూన్‌లో చెప్పింది. నవంబరులో యునెస్కో, బిడ్డను పుట్టించే క్లోనింగ్ మానవ గౌరవానికి విరుద్ధమని ప్రకటించింది. 1998 జనవరిలో పారిస్‌లో 19 ఐరోపా దేశాలు నిషేధ పత్రం మీద సంతకాలు చేశాయి. డాలీని పుట్టించిన బృందానికి పెద్ద అయిన ఇయన్ విల్మట్ కూడా మనిషి మీద ఈ పని చేయడాన్ని మొదటి నుంచీ వ్యతిరేకించాడు. ఆ 277 అండాల లెక్కను దగ్గరుండి చూసినవాడు కదా.

నిషేధాలు వచ్చిన వేగం చూస్తే సంతోషమే. అయితే వాటి వెనక ఉన్న భయం చాలామందిలో తప్పు చోట ఉంది. మనిషికి నకలు వస్తుందని, హిట్లర్‌కు నకళ్ళు పుడతారని, మన మొహంతో ఇంకెవరో తిరుగుతారని భయం. 1976లో వచ్చిన ఒక ఇంగ్లీషు నవల, దాని మీద వచ్చిన సినిమా హిట్లర్ క్లోన్ల భయాన్ని ఇంటింటికీ చేర్చాయి. మన దగ్గర గాంధారి కన్న మాంసపు ముద్దను వ్యాసుడు నేతి కుండల్లో పెట్టించిన కథను తీసుకుని, క్లోనింగ్ మనకు అప్పుడే తెలుసని రాసేవాళ్ళూ ఉన్నారు. ఆ వాదన నాకు నచ్చదు. కథను కథగా చదివితేనే అందులో గొప్పదనం దొరుకుతుంది. ఒకే ముద్ద నుంచి పుట్టిన నూరుగురిలో ఒకడు దుర్యోధనుడు, ఒకడు వికర్ణుడు. నిండు సభలో ద్రౌపది పక్షాన నోరు విప్పిన కౌరవుడు వికర్ణుడు. ఒకే మాంసం, రెండు మనసులు. ఆ సంగతి భారతం చెప్పిన వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు శాస్త్రమూ అదే చెబుతోంది. 2001 డిసెంబరులో టెక్సాస్‌లో సీసీ అనే పిల్లిని క్లోన్ చేశారు. కణం ఇచ్చిన పిల్లి ఒంటి మీద తెలుపు, నలుపు, నారింజ మచ్చలు. పిల్ల ఒంటి మీద నారింజ రంగు చుక్కయినా లేదు. ఏ కణంలో ఏ రంగు జన్యువు మేల్కొంటుంది, ఏది నిద్రపోతుంది అన్నది జన్యువుల జాబితాను బట్టి ఉండదు. పైగా అండంలో దాని సొంత జన్యువులు కొన్ని ఉంటాయి, మనిషిలో అయితే 37. అవి కేంద్రకంతో పాటు పోవు. ఇక గర్భంలో తల్లి తిండి, పుట్టాక ఊరు, బడి, స్నేహితులు, కాలం. నకలు దస్తావేజుకు తీయగలం, మనిషికి తీయలేం. అచ్చం ఒకేలా ఉండే కవలలు మన కళ్ళ ముందే ఉన్నారు. జన్యువుల్లో ఒకటే అయినా వాళ్ళలో ఒకరు ఇంకొకరు కాదు.

మరి నకలే రాకపోతే తప్పేముంది అని కొందరు అడుగుతారు. పిల్లలు లేని దంపతులు, పోయిన బిడ్డ కోసం కుమిలిపోయే తల్లిదండ్రులు వాళ్ళ వాదనకు ముందు నిలబడతారు. ఆ దుఃఖాన్ని నేను చిన్నచూపు చూడలేను. బిడ్డ పోయిన ఇల్లు ఎలా ఉంటుందో ప్రతి ఊళ్ళోనూ చూశాం. అయితే ఆ దుఃఖం తీర్చడం కోసం పుట్టించే బిడ్డ మీద మనం ఎంత బరువు పెడుతున్నామో ఆలోచించాలి. కవలలిద్దరూ ఒకేసారి లోకంలోకి వస్తారు, ఎవరి ముందూ ఎవరి దారీ నడిచి ఉండదు. క్లోన్‌గా పుట్టిన బిడ్డకు ముందే ఒక జీవితం గడిచిపోయి ఉంటుంది. ఇంట్లో అందరి దగ్గరా ఆ జీవితం ఫొటోలు, మార్కులు, జబ్బుల చీటీలు ఉంటాయి. నువ్విలా పాడాలి, వాడిలా నువ్వూ లెక్కల్లో ముందుండాలి, నలభై దాటాక గుండె జాగ్రత్త. తనెవరో తనకు తెలియకుండా పెరిగే హక్కు ప్రతి బిడ్డకూ ఉందని, తన దారి తనే వెతుక్కునే ఆ తెలియనితనమే స్వేచ్ఛ అని 1974 నాటికే తత్వవేత్త హాన్స్ యోనాస్ వాదించాడు. ఈ విషయం మీద నేను చదివిన వాదనలన్నిటిలో నా మనసుకు దగ్గరైనది ఇదే.

మన పల్లెల్లో ఈ సంగతి పుస్తకాలు చదవనివాళ్ళకూ తెలుసు. మనవడికి తాత పేరు పెట్టుకుంటాం, తాతే మళ్ళీ పుట్టాడని మురుస్తాం, అంతటితో వదిలేస్తాం. పిల్లవాడు తాతలా వ్యవసాయం చేయకపోతే పేరు వెనక్కి తీసుకోం. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో పుట్టిన బిడ్డ విషయంలో ఇంకా జాగ్రత్త పడేవారు. పుట్టగానే పెంటకుప్ప మీదో, ఎంగిలి పుల్లివిస్తరిలోనో కాసేపు పడుకోబెట్టి, ఎవరో ఇచ్చినట్టుగా మళ్ళీ తెచ్చుకుని, పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టేవారు. ఆ పేర్లు విని నవ్వేవాళ్ళకు వాటి వెనక ఉన్న తల్లి ఏడుపు తెలియదు. పోయినవాడి గీత వీడికి తగలకూడదు, వీడు వేరే బిడ్డ కావాలి అనే ఆరాటం అది. క్లోనింగ్ ఆ తల్లికి ఇస్తానన్నది సరిగ్గా దీనికి ఎదురుగా ఉంది.

ఇక్కడ ఒక తికమక తీర్చాలి. క్లోనింగ్ అనే ఒక్క మాట కింద రెండు పనులున్నాయి. ఒకటి బిడ్డను పుట్టించడం. రెండోది, పిండాన్ని కొన్ని రోజులే గిన్నెలో పెంచి, దానిలోని మూలకణాలతో రోగికి సరిపోయే కణజాలం తయారుచేయాలనే ప్రయత్నం. ఈ రెండింటినీ కలిపే నిషేధించాలా, విడదీయాలా అని ఐక్యరాజ్యసమితిలో నాలుగేళ్ళు నలిగింది. చివరికి 2005 మార్చి 8న రెండింటినీ కలిపి వద్దనే ప్రకటన 84 దేశాల మద్దతుతో నెగ్గింది. 34 దేశాలు వ్యతిరేకించాయి, 37 తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకించినవాటిలో భారత్ ఉంది. బిడ్డను పుట్టించే క్లోనింగ్‌కు మన దేశమూ విరుద్ధమే, చికిత్స కోసం చేసే పరిశోధనకు తలుపు మూయవద్దన్నది మన వాదన. ఆ ప్రకటన ఏ దేశాన్నీ కట్టడి చేయదు.

రెండో రకం నిరపాయమైనదేనా అనుకునేవాళ్ళు దక్షిణ కొరియా కథ గుర్తుపెట్టుకోవాలి. మనిషి పిండాన్ని క్లోన్ చేసి మూలకణాలు తీశానని అక్కడి శాస్త్రవేత్త హ్వాంగ్ ఊసుక్ 2004లో, రోగుల కణాలతోనే తీశానని 2005లో ప్రకటించాడు. దేశం ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. చక్రాల కుర్చీలోని మనిషి లేచి నిలబడుతున్న బొమ్మతో తపాలా బిళ్ళ వేశారు. 2006 జనవరిలో సోల్ విశ్వవిద్యాలయం విచారణ చేసి ఆ ఫలితాలు కల్పితమని తేల్చింది. దగా బయటపడడం అందరికీ గుర్తుంది. ఆ దగా కోసం రెండు వేలకు పైగా అండాలు ఖర్చయ్యాయన్న సంగతి చాలామందికి గుర్తు లేదు. అండాలిచ్చిన వాళ్ళలో కొందరికి డబ్బు ముట్టింది, ఆ ప్రయోగశాలలోనే పనిచేసే చిన్న ఉద్యోగినులూ ఇచ్చారు. పై అధికారి నడిపే పనికి కింద ఉద్యోగిని తన అండం ఇస్తే దాన్ని ఇష్టంతో ఇచ్చిందని ఎలా అనగలం?

అండం ఇవ్వడమంటే రక్తం ఇచ్చినట్టు కాదు. పది పన్నెండు రోజులు హార్మోను సూదులు వేయించుకోవాలి. నెలకు ఒకటి పండాల్సిన చోట పది పదిహేను ఒకేసారి పండేలా చేస్తారు. మత్తు ఇచ్చి, పొడవాటి సూదితో వాటిని లోపలి నుంచి లాగుతారు. కొందరికి పొట్టలో నీరు చేరుతుంది, అరుదుగా ప్రాణం మీదికీ వస్తుంది. హర్యానాలోని కర్నాల్‌లో మన శాస్త్రవేత్తలు 2009లో గేదెను క్లోన్ చేసినప్పుడు అండాలు కబేళా నుంచి తెచ్చిన అండాశయాల్లోంచి తీశారు. మొదటి దూడ సంరూప వారం తిరగకుండా పోయింది, తర్వాత గరిమ పుట్టింది. గేదెకు కబేళా ఉంది కాబట్టి ఆ లెక్క ఎవరికీ బరువు కాలేదు. మనిషి విషయంలో ప్రతి అండం వెనకా ఒక ఆడమనిషి ఉంటుంది.

దారి వేరేగా ఉండవచ్చని చూపించినవాడు జపాన్ వైద్యుడు షిన్యా యమనక. ఒక స్నేహితుడి ఆసుపత్రిలో సూక్ష్మదర్శినిలో మనిషి పిండాన్ని చూసినప్పుడు, దానికీ తన కూతుళ్ళకూ ఎంతో తేడా లేదనిపించిందని ఆయన చెప్పాడు. పిండం లేకుండా, అండం లేకుండా, నాలుగు జన్యువులతో చర్మ కణాన్నే వెనక్కి తిప్పి మూలకణం చేయవచ్చని 2006లో ఎలుకల్లో, 2007లో మనుషుల కణాల్లో నిరూపించాడు. గర్డన్‌తో పాటు 2012 నోబెల్ పంచుకున్నది ఆయనే. 2013లో అమెరికాలోని ఆరెగాన్ బృందం మనిషి పిండాన్ని నిజంగానే క్లోన్ చేసి మూలకణాలు తీసింది. కానీ అప్పటికే చాలామంది పరిశోధకులు యమనక దారి పట్టారు. ఒక మనిషి మనసుకు కలిగిన ఇబ్బంది శాస్త్రాన్ని మంచి దారిలోకి నడిపిన ఉదాహరణగా దీన్ని పిల్లలకు పాఠం చెప్పాలి.

ఇక బిడ్డ సంగతి. 2018 జనవరిలో షాంఘై శాస్త్రవేత్తలు ఝోంగ్ ఝోంగ్, హువా హువా అనే రెండు కోతిపిల్లల్ని ప్రపంచానికి చూపించారు. మనిషికి అంత దగ్గరి జాతిలో డాలీ పద్ధతి పనిచేయడం అదే మొదటిసారి. ఆ రెండింటి కోసం 79 పిండాలు, 21 ఆడకోతులు. అవి కూడా పుట్టని కోతి పిండం కణాలతో పుట్టినవి. ఎదిగిన కోతి కణాలతో ప్రయత్నించినప్పుడు 181 పిండాలను 42 ఆడకోతుల్లో పెడితే రెండు పిల్లలు పుట్టి, కొద్దిసేపటికే రెండూ చనిపోయాయి. బతికున్న మనిషినో పోయిన మనిషినో క్లోన్ చేయాలంటే కావలసింది ఈ రెండో రకమే. ఇవి కాక గర్భస్రావాలు, మాయ సరిగా ఎదగకపోవడం, గర్భంలో పిండం మితిమీరి పెరిగి తల్లి ప్రాణం మీదికి రావడం. గొర్రెల్లోనూ ఆవుల్లోనూ ఇవన్నీ చూశారు.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు బిడ్డను పుట్టించే క్లోనింగ్‌ను పూర్తిగా నిషేధించాయి. పిల్లలు లేని దంపతుల చికిత్స కోసం 2021లో వచ్చిన చట్టం, అండం ఇచ్చే స్త్రీ జీవితంలో ఒక్కసారే ఇవ్వాలని, ఏడుకు మించి తీయకూడదని చెబుతోంది. పేదింటి ఆడపిల్లలు పదే పదే సూదులు పొడిపించుకుని అండాలు అమ్ముకున్న రోజులు చూశాక పెట్టిన హద్దు అది. ఆ హద్దును మనసులో పెట్టుకుని డాలీ లెక్క ఒకసారి వేయండి. 277ను ఏడుతో భాగిస్తే నలభై మంది ఆడవాళ్ళు. మోయడానికి ఇంకో పదమూడు మంది. వాళ్ళలో పన్నెండు మంది ఒట్టి చేతులతో ఇంటికి వెళ్ళాలి. పుట్టిన ఒక్క బిడ్డ ఆరోగ్యంగా ఉంటుందన్న హామీ లేదు. ఈ లెక్కలో కోటీశ్వరుడెవరో మనకు తెలియదు కాని, ఆ యాభై మూడు మంది ఎలాంటి ఇళ్ళ నుంచి వస్తారో తెలియనిది ఎవరికి?

నేను మొదట్లో అన్న ప్రశ్నలో రెండో సగం ఇదే. మనిషి క్లోనింగ్ మీద అరవై ఏళ్ళ చర్చలో ఆత్మ గురించి, దేవుడి గురించి, నకలు గురించి ఎంతో మాట్లాడారు. ఆ అండాలు ఎవరివి, ఆ గర్భాలు ఎవరివి అని అడిగిన గొంతులు తక్కువ. ఈ పని ఇప్పుడు తప్పు. రేపు పద్ధతి మెరుగుపడి 277 కాస్తా 27 అయినా, ఆ 27 ఎవరివన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా తప్పే. ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒక సంస్థ మనిషి బిడ్డను క్లోన్ చేశామని మైకు ముందు నిలబడుతుంది. 2002 డిసెంబరులో క్లోనెయిడ్ అనే సంస్థ అలాగే నిలబడింది, రుజువు ఇప్పటికీ చూపించలేదు. మళ్ళీ అలాంటి వార్త వచ్చిన రోజు బిడ్డ ఎవరిని పోలి ఉందని అడగకండి. ఎంతమంది ఆడవాళ్ళు, వాళ్ళు ఇప్పుడెలా ఉన్నారు అని అడగండి.